యూదా వేషం, ప్రభువు ముఖం

మా ఇంట్లో మంచినీళ్లు తాగాలంటే ముందు గ్లాసులోకి తొంగి చూడాలి. మా పెళ్లికి మా పెదనాన్న పేరు చెక్కించి మరీ చదివించిన ఆరు స్టీలు గ్లాసులూ కుంచెలు నానేసుకోవడానికే పోయాయి. ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో పసుపు, ఒకదాంట్లో ఏ రంగో దానికే తెలియని రంగు. మొన్న ఫిబ్రవరిలో ఆఫీసుకు టైమవుతోందని చూడకుండా ఒక గుటక వేశాను. మధ్యాహ్నానికి మా ఆఫీసరు గారు నా నాలుక చూసి, "ఏమయ్యా, కామెర్లా?" అని రెండు రోజులు సెలవిచ్చారు. నా సర్వీసులో అడక్కుండా దొరికిన సెలవు అదొక్కటే.

గ్లాసులు సరే. బాత్రూంలో కొక్కేనికి ఒక గడ్డం వేలాడుతూ ఉంటుంది. అది నాది కాదు. మా ఆవిడది.

నా పేరు కృపాకర్. మార్కాపురం రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని. మా ఆవిడ వందన పొద్దున పెయింటరు, సాయంత్రం నటి. ఇంత సూటిగా ఈ మాట చెప్పడం నాకిదే మొదటిసారి. ఆఫీసులో ఎవరైనా అడిగితే "డ్రాయింగ్ టీచరు" అంటాను. చుట్టాలు అడిగితే "చర్చి పనుల్లో ఉంటుంది" అంటాను. రెండూ అబద్ధాలేం కావు. ఆధార్ కార్డులో ఫోటో లాంటివి. మనిషి అదే, పోలికే ఉండదు.

వందన బడి గోడల మీద మామిడిపండ్లు, ఎక్కాలు, ఇండియా మ్యాపు వేస్తుంది. కింద దాత పేరు, దాత నాన్న పేరు, దాత చేసే ఉద్యోగం రాస్తుంది. పదిహేనేళ్లలో ఈ చుట్టుపక్కల గోడల మీద ఆమె రాయని పేరు తనదొక్కటే. ఇక నటన అంటే, తర్లుపాడు అవతల మా అత్తగారి ఊళ్లో స్త్రీల సమాజం వాళ్లు ఏటా గుడ్‌ఫ్రైడే సాయంత్రం చర్చిలో నాటకం వేస్తారు. మగవేషాలన్నీ ఆడవాళ్లే కడతారు. మగవాళ్లు కుర్చీలు వేస్తారు, వేసిన కుర్చీల్లో కూర్చుంటారు.

ఈ ఏడు ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలంలో ఆమె రెండు పనులూ ఒకే కప్పు కిందికి వచ్చాయి.

ఆ ఊళ్లో చర్చి కొత్తగా కట్టారు. బలిపీఠం వెనక గోడ ఇరవై అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల ఎత్తు. దాని మీద ప్రభువును గొర్రెలు కాసేవాడిగా చూపే మంచి కాపరి బొమ్మ వేయాలి, ఈస్టర్ తెల్లవారి ప్రార్థనకు తెర తీయాలి. ఆ పని వందనకిచ్చారు. ఈసారి నాటకంలో, ముప్పై వెండి నాణేలకు ప్రభువును పట్టించిన ఇస్కరియోతు యూదా వేషం కూడా ఆమెకే వచ్చింది. ఏటా ఆ వేషం కట్టే టీచరమ్మకు కనిగిరి బదిలీ అయింది. మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కొక్క కారణం చెప్పి తప్పుకున్నారు. యూదా వేషానికి మా సంఘంలో పోటీ ఉండదు.

సంఘ పెద్ద దేవదానం మామ. వందనకు చిన్నాన్న అవుతాడు. బస్సు కండక్టరుగా రిటైరైనా, ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి "ముందుకు జరగాల, లోపల ఖాళీ ఉండాది" అనడం మానలేదు. బొమ్మ మొదలెట్టిన వారానికి ఆయన గోడ చూడ్డానికి వచ్చాడు. వందన సర్వీ కర్రలకు కట్టిన బల్ల మీద, పైన ఉంది.

"అమ్మాయ్, ఈ గొర్రెలేంది? అచ్చం మన ఏడుకొండలు గొర్రెల మాదిరి ఉండాయి."

"మన ఏడుకొండలు గొర్రెలే చిన్నాన్నా."

"బైబిలు గొర్రెలకు బొచ్చు ఉంటది గదమ్మా. తెల్లగా, దూది మాదిరి."

"ఆ బొచ్చుతో మన ఎండకు అవి బతకవు చిన్నాన్నా. నేనేసినాక చావగూడదు గదా."

మామ ఫ్యాను స్విచ్చి ఒకసారి వేసి ఆపాడు. ఆ సాయంత్రం గొర్రెల కాపరి ఏడుకొండలు స్వయంగా వచ్చాడు. ఆయన మా మతం కాదు. చెప్పులు బయట విప్పి, కర్ర గోడకానించి, గడప దాటకుండానే చాలాసేపు చూశాడు.

"ఆ ఎనక ఉండేది ఈనబోతాది. దాన్ని అంత దూరం నడిపించగూడదమ్మా" అన్నాడు.

అది బొమ్మ అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పించుకోవాల్సిన పని కూడా ఆయనకున్నట్టు లేదు. మర్నాడు చూస్తే ఆ గొర్రె పక్కన ఇంత చింతచెట్టు నీడ మొలిచింది.

కొండలు, రాళ్లు, గడ్డి, ముప్పై ఒక్క గొర్రె అయ్యాయి. కాపరి ఒళ్లు, చేతులు, భుజాన గొంగడి అయ్యాయి. ముఖం ఒక్కటే మిగిలింది. చివర్లో వేస్తానంది.

అప్పటి నుంచి ఊళ్లోవాళ్లు నన్ను జాలిగా చూడటం మొదలుపెట్టారు.

సాయంత్రాలు వందనను తీసుకురావడానికి నేను బండి మీద వెళ్తుంటాను. ఒకరోజు ఎవరో చెంబుతో గడ్డపెరుగు తెచ్చిచ్చారు. మర్నాడు ఇంకొకామె గోంగూర కట్ట బండికి తగిలించి, కళ్లొత్తుకుంటూ వెళ్లిపోయింది. దర్జీ దీవెన, నాటకంలో ప్రభువు వేషం ఆమెదే, నన్ను చూసి ఏదో అనబోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. నా ప్రమోషను ఆగిన సంగతి ఇంతదూరం పాకిందేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే కాస్త సంతోషమే వేసింది. మా ఆఫీసులోనే ఎవరూ పట్టించుకోని ప్రమోషను అది.

చివరికి దేవదానం మామ నన్ను చర్చి వెనక్కి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఓర్పు పట్టాల అల్లుడూ. శుక్రవారం నీ ఇంటి కోసం ఉపవాస ప్రార్థన పెట్టినాం."

"మా ఇంటికేమైంది మామా?"

"ఆమె నోట ఆమే ఒప్పుకునింది. పైన బల్ల మీద కూసోని, ఒక్కతే ఏడ్చుకుంటా. అమ్మేసినా, నమ్మినోన్ని మోసం చేసి అమ్మేసినా అని. సౌభాగ్యమ్మవ్వ కసువు కొడతా చెవులారా వినింది. ఏమి అమ్మిందో మేం అడగలేదు. నువ్వు గూడా అడగొద్దు. చమించినానని చెప్పు, చాలు."

నేను భార్యను అనుమానించే రకం కాదని మీరనుకుంటే అది మీ మంచితనం. ఇంటికి వెళ్లగానే బీరువా తెరిచి తర్లుపాడు రోడ్డులో కొన్న ప్లాటు కాగితాలు ఉన్నాయా అని చూశాను. ఉన్నాయి. గొలుసు చూశాను. ఉంది. గ్యాసు పుస్తకం కూడా చూశాను. ఎందుకు చూశానో నాకు తెలియదు. వందన వంటింట్లోంచి, "ఏం వెతుకుతాండావు?" అంది. "గోళ్లు తీసుకునేది" అన్నాను.

రెండో శనివారం ఆఫీసుకు సెలవు. మిట్టమధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని చర్చికి వెళ్లాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఎవరో ఏడుస్తున్నారు.

"కాళ్లు కడిగినాడే నాకు. నా కాళ్లు! పగుళ్లల్లో మట్టి ఇరుక్కోనుంటే బొటనవేలితో రుద్ది తీసినాడు. తెలుసు ఆయనకు. నేను అమ్మేసినానని తెలిసే కడిగినాడు. తెలిసినోడు ఒక్క మాట అడగొచ్చు గదా? ఎందుకిట్ల చేసినావని అడగొచ్చు గదా? అడిగింటే చెప్పేవాన్నేమో. చెప్పింటే పోయేవాన్ని గాదేమో."

మా నాటకంలో యూదా ఎప్పుడూ "అయ్యో, నేనెంతటి ద్రోహము చేసితిని" అంటూ గుండెలు బాదుకుంటాడు. ముప్పై ఏళ్లుగా అదే మాట, అదే బాదుడు. వందన ఆ మాటలన్నీ కొట్టేసి, చివరి రాత్రి ప్రభువు శిష్యులందరితోపాటు యూదా కాళ్లూ కడిగిన ఘట్టం పట్టుకుని తన మాటలు రాసుకుంది. ఆ మాటలు మా అత్తగారి ఊళ్లో బావి దగ్గర వినిపించే మాటలు. అవ్వకు అది వేషమని ఎలా తెలుస్తుంది? ఏడ్పు మన భాషలో ఉంటే అది మనవాళ్లదే అనుకుంటాం కదా.

నేను చివరి బెంచీలో కూర్చుండిపోయాను. ఆమె గొంతు పగిలిపోతోంది. చెయ్యి మాత్రం పగల్లేదు. సన్న కుంచెతో గడ్డిపోచ పక్కన గడ్డిపోచ వేస్తూ పోతోంది. ఒక్కటీ వణకలేదు. ఒకే మనిషిలో ఒకరు ఏడుస్తుంటే ఇంకొకరు గడ్డి వేస్తున్నారు. నేను పదిహేనేళ్లుగా కాపురం చేస్తున్నది ఈ ఇద్దరిలో ఎవరితోనో నాకు అర్థం కాలేదు. ఇద్దరితోనూ కాదేమో, గ్లాసులు పాడుచేసే మూడో ఆమెతోనేమో అనిపించింది. చేతిలో క్యారియరు చల్లారిపోయింది.

వందన వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"మజ్జిగ తెచ్చినావా, మరిచిపోయినావా?" అంది. గొంతులో ఒక్క బొట్టు తడి లేదు.

మరిచిపోయాను.

ఆ సాయంత్రమే మామకు సంగతి చెప్పాను. ఆయన కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఉపవాస ప్రార్థన ఎలాగూ అయిపోయింది కాబట్టి దాన్ని నా ప్రమోషను ఖాతాలో వేయమన్నాను. సరేనన్నాడు. కానీ మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి రమ్మన్నాడు. ఇంకో నలుగురు పెద్దలు కూడా ఉన్నారు.

"నవ్వినాంలే గానీ అల్లుడూ, నిన్న సంఘమంతా కూసోని మాట్లాడుకున్నాం. కొంతమంది తలుపు పక్కన నిలబడి విన్నారంట. ఒక పిల్లగాడికి జ్వరం వచ్చిందంట."

"జ్వరం ఎండకు వచ్చుంటాది మామా."

"వచ్చుంటాది. కానీ యూదా అంత బాగా వచ్చిన మనిషి చేత ప్రభువు ముఖం వేపిస్తే, రేప్పొద్దున దాని ముందర మోకరించేది ఎట్ల? కళ్లు మూస్తే ఆ ఏడుపే వినపడతాది. ఏదో ఒకటి చెయ్యమను. నాటకమో, గోడో. గోడైతే, కింద నల్లరాయి మీద పేరు చెక్కిస్తాం."

"ఏమని?"

"నీ ఇష్టం. 'శ్రీమతి వందన, వైఫ్ ఆఫ్ కృపాకర్, రెవెన్యూ' అని పెట్టుకుందువు."

ఇక్కడ నేను ఆలోచించానని చెప్పుకోవాలని ఉంది. ఆలోచించలేదు. నల్లరాయి మీద నా పేరు ఇంగ్లీషులో బాగుంటుందా తెలుగులోనా అని మాత్రం ఆలోచించాను.

"నాటకం మానేస్తాది మామా. నేను మాటిస్తాండా" అన్నాను.

ఇంటికొచ్చి వందనకు చెప్పాను. ఆమె పెరట్లో కుంచెలు కడుగుతోంది. గోడ ఎంత గౌరవమో, నాటకం ఏటా ఉంటుందో, గడ్డం ఎలాగూ దురద పెడుతుందో, అన్నీ వివరంగా చెప్పాను. ఆమె అడ్డం రాకుండా విన్నది.

"మాట ఇచ్చేసినావా?"

"ఇచ్చినా."

"నన్ను అడక్క ముందే."

"ఇప్పుడు అడుగుతాండా గదా."

వందన కుంచెలోని నీళ్లు విదిలించింది. వేళ్లతో దాని వెంట్రుకలు సరిచేసి, మొన తేల్చి, గ్లాసులో నిలబెట్టింది. మిగతావి కూడా ఒక్కొక్కటీ అలాగే చేసింది.

"అన్నం తింటావా?" అంది.

అంతే. నేను గెలిచాననుకుని రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు ఆమె చర్చికి వెళ్లి, రంగు డబ్బాలకు మూతలు బిగించి, కుంచెలన్నీ సంచిలో వేసుకుని దిగి వచ్చేసింది. చిన్నాన్నతో ఒకే మాట చెప్పిందట. "ముఖం ఎవరైనా ఏస్తారులే. గిద్దలూరు నుంచి పిలిపించుకోండి. నేను నాటకం చేస్తా." గిద్దలూరు పెయింటరు ఒకాయన వచ్చి, తల ఎత్తి గోడను చూసి, కింద గొర్రెల్ని చూసి, "ఈ ఒంటికి నేను తల పెట్టలేను సార్, తెలిసిపోతాది" అని టీ తాగి వెళ్లిపోయాడు. ముప్పై ఒక్క గొర్రె, ముఖం లేని కాపరి, దాని మీద తెల్ల దుప్పటి. గుడ్‌ఫ్రైడే వరకూ అలాగే ఉంది.

ఇంట్లో ఆమె నాతో మామూలుగానే ఉంది. నాకు అదే భయంగా ఉంది.

గుడ్‌ఫ్రైడే సాయంత్రం ఆరింటికి నాటకం మొదలైంది. బయట ఇంకా వేడి గాలి వీస్తోంది. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరుసలో కూర్చున్నాను. దీవెన తెల్ల చీరను అంగీలా చుట్టుకుని, నల్ల ఉన్ని గడ్డంతో వచ్చింది. గడ్డం రబ్బరు ఒక చెవి నుంచి జారితే కుర్చీల్లోని పిల్లలు నవ్వారు. పెద్దలూ నవ్వారు. అప్పుడు వందన వచ్చింది. ఎవరూ నవ్వలేదు.

యూదా డబ్బు సంచీ తిరిగిచ్చే ఘట్టం వచ్చింది. సంచీలో గుండ్రంగా కొట్టిన మార్కాపురం పలకముక్కలు ముప్పై ఉంటాయి. ఏటా యూదా వాటిని గలగలమని నేలకేసి కొట్టి పారిపోతాడు. పిల్లలు ఏరుకుంటారు. వందన కొట్టలేదు. సంచీ రెండు చేతుల్తో పట్టుకుని, వేదిక మెట్లు దిగి, జనంలోకి వచ్చింది.

"తీసుకో అక్కా. నువ్వన్నా తీసుకో" అంది మొదటి వరుసలో ఒకామెతో. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. "పెద్దాయనా, నువ్వు తీసుకో. బరువుగా ఉండాది." దేవదానం మామ కుర్చీలో వెనక్కి జరిగాడు. ముప్పై ఏళ్లు ఊరందర్నీ ముందుకు జరగమన్న మనిషి. ఆమె ఒక్కొక్కరి ముందూ ఆగింది. ఒక్కొక్కరూ తల దించుకున్నారు. 

నా ముందు ఆగింది. గడ్డం మీద కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. వాటికి నేను తెలిసినట్టు లేదు.

"నువ్వు చదువుకున్నోనివి. నువ్వు తీసుకో" అంది.

నేను పలకముక్కలే కదా అనుకున్నాను. చెయ్యి చాచాలనుకున్నాను. నా రెండు చేతులూ తొడల కింద ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో నాకే తెలియదు.

ఆమె నన్ను దాటి వెళ్లింది. చివర్న తలుపు దగ్గర, కింద, చాప మీద కూర్చున్న సౌభాగ్యమ్మవ్వ లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి, లేవడానికి కొంచెంసేపు పట్టింది. వందన కూడా ఆగి నిలబడింది.

"ఇట్టియ్యి బిడ్డా. ఎంతసేపని మోస్తావు" అని అవ్వ సంచీ అందుకుంది.

నాటకంలో అది లేదు. తర్వాత ఏమనాలో యూదాకు తెలియదు.  అవ్వ సంచీని తన ఒళ్లోకి లాక్కుని, ఇంకో చేత్తో వందన తల నిమిరింది. చర్చిలో ఏడుపు ఒక మూల మొదలై ఇంకో మూలకు పోయింది. నేను ఏడవలేదు. ఆశ్చర్యపోతూ ఉన్న మనిషికి ఏడవడానికి తీరిక ఉండదు.

నాటకం అయ్యాక మామ మెల్లగా అవ్వ దగ్గరికి వచ్చాడు. అవ్వ సంచీ ఇంకా వదల్లేదు.

"దేవదానం, ఆ ముఖం ఈమె చేతనే ఏపియ్యి" అంది.

"అది గాదవ్వా, సంఘం ఏమంటాదో..."

"సంఘం చేతులు దాచుకునింది గదా, నేను సూళ్లేదా? కాళ్లు కడుగుతాంటే వొంగిన ముఖం అంత దగ్గర్నుంచి సూసినోళ్లు మనలో ఇంకెవురుండారు రా? దానికి తెలుసు ఆయన ఎట్ల ఉంటాడో."

మామ దగ్గర దీనికి టికెట్టు లేదు. తల ఊపాడు.

శనివారం పొద్దున ఏడింటికి వందన బల్ల ఎక్కింది. దుప్పటి లోపలికి ఎవర్నీ రానివ్వలేదు. మజ్జిగ చెంబు పట్టుకుని నేను గుమ్మంలో కూర్చున్నాను. ఈసారి మరిచిపోలేదు. లోపల మాటలు లేవు. ఒక్క మాట కూడా లేదు. పొద్దు వాలకముందే దిగివచ్చి, మజ్జిగంతా తాగి, "పోదాం పా" అంది.

ఈస్టర్ తెల్లవారి ప్రార్థనలో తెర తీశారు. అప్పుడే తూర్పు కిటికీలోంచి వెలుతురు వస్తోంది. పాట ఎత్తుకోవాల్సిన వాళ్లు ఎత్తుకోలేదు. డోలక్ అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆ ముఖం క్యాలెండర్లలో ఉండేది కాదు. మన వైపు మనిషిది, ఎండకు కమిలింది. ముప్పై ఒక్క గొర్రెల్లో ఒక్కదాన్నీ చూడటం లేదు. గుమ్మం వైపు చూస్తున్నాడు, తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయిన మనిషి మళ్లీ వస్తాడేమో అన్నట్టు. కోపం లేదు. అడగడానికి ఒక మాట మాత్రం నోటిదాకా వచ్చి ఆగి ఉంది. అదేం మాటో నేను చల్లారిన క్యారియరు పట్టుకుని విన్నాను కాబట్టి నాకు తెలుసు. చర్చిలో ఒక్కొక్కరూ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు. నేనూ చూశాను. ఏడుకొండలు నిలబడి ఉన్నాడు, చెప్పులు చేత్తో పట్టుకుని.

కింద మూలన, ఈనబోయే గొర్రె కాళ్ల దగ్గర, "వందన" అని చిన్నగా రాసి ఉంది. వైఫ్ ఆఫ్ లేదు. వెతికాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇందుకోసమే ఇదంతా రాశాను.

కొమరోలు చర్చివాళ్లు ఫోన్ చేశారు. మే నెల రెండో వారం గోడ వేయాలట. అదే వారానికి రమ్మని గిద్దలూరు నాటక సమాజం వాళ్లూ ఫోన్ చేశారు. నాలుగు ఊళ్లలో నాటకం, ముఖ్యపాత్ర ఆమెదేనట. ఇద్దరికీ వందన ఒకే మాట చెప్పింది: "మా ఆయన్ను అడిగి చెప్తా."

పదిహేనేళ్లలో ఆమె నన్ను అడిగి చేసిన పని లేదు. ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చిన సంగతి ఆటోవాడు నన్ను పక్కకు తప్పుకోమన్నప్పుడు తెలిసింది నాకు.

"నీ ఇష్టం వందనా" అన్నాను.

"అట్లెట్ల? నువ్వు మాటిస్తేనే బాగుంటది" అంది.

"ఆ రోజు తప్పయిపోయింది."

"ఏ రోజు?" అంది. కళ్లు ఇంత చేసుకుని, చాలా అమాయకంగా. నిజంగానే గుర్తులేనట్టు.

ఆ ముఖాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. ఎక్కడా ఒక్క నరం కదల్లేదు. నిజంగా అడుగుతోందేమో. క్షమించేసిందేమో. లేకపోతే ఇది కూడా వేషమేనేమో, నేనింకా మూడో వరుసలోనే కూర్చుని ఉన్నానేమో. గోడ అంటే ఒక తప్పు, నాటకమంటే ఇంకో తప్పు, రెండూ చేసుకోమంటే తారీకులు కుదరవు, ఏమీ చెప్పకపోతే అది అన్నిటికన్నా పెద్ద తప్పులా ఉంది.

మీలో ఎవరింట్లోనైనా నటులుంటే, వాళ్లు "నువ్వు మాటిస్తేనే బాగుంటది" అన్నప్పుడు దాని అర్థం ఎలా కనుక్కుంటారో దయచేసి నాకు రాయండి. కార్డు రాసినా సరే, ఫోన్ చేసినా సరే. ఆఫీసు టైములో చేయండి, ఇంట్లో ఉంటే ఆమె వింటుంది. మీ కాళ్లు పట్టుకుంటాను, కొంచెం తొందరగా చెప్పండి. కొమరోలు వాళ్లు సోమవారం మళ్లీ చేస్తామన్నారు. ఫోన్ నా చేతికే ఇస్తానంది.